వెనకగాలి దారి

ఆర్తెనే,
20 మే 2012, ఆదివారం

అమ్మా సోలెన్,

నువ్వూ పిల్లలూ కులాసా అని తలుస్తాను. ఫోన్ చేయొచ్చు కదా బాబాయ్ అంటావు. ఫోన్‌లో నాకు సగం మాటలే వినిపిస్తాయి. మిగతా సగం నేనే కల్పించుకుంటాను, తర్వాత మీ పిన్ని చేత తిట్లు తింటాను. అందుకే ఉత్తరం.

ఇక్కడ గోధుమ పొట్ట మీదుంది. చక్కెర దుంపలు మొలిచాయి. వాన చాలలేదని రైతులు, ఎక్కువైందని మీ పిన్ని. ఊరి బయట ఇంకో రెండు గాలిమరలు లేపారు. మీ నాన్న ఉండి ఉంటే మళ్ళీ తిట్టేవాడు. వేలు తడిపి పైకెత్తితే తెలిసేదానికి ఇంత ఇనుము దేనికని.

నీకు వేరేవాళ్ళు చెప్పేలోపు నేనే ఒక సంగతి చెప్పాలి. పొద్దున కాఫీ కొట్టు వెనక గదిలో మా సైకిల్ సంఘం కూర్చుంది. మన అధ్యక్షుడు తియెరీ లేచి, "ఆన్సెల్మ్ ఆఖరిసారి తొక్కిన దారినే సెప్టెంబరులో అందరం తొక్కుదాం. మలుపు మలుపుకీ రోడ్డు మీద సున్నంతో బాణాలు గీద్దాం. అతను పడిపోయిన చోట పూలు పెట్టి, అదే దారిన వెనక్కి వద్దాం. ఇక ఏటేటా ఆ దారికి అతని పేరే" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను వద్దన్నాను.

"ఎందుకు రెమీ? సొంత తమ్ముడివి!" అన్నాడు తియెరీ. "వద్దంటే వద్దు" అన్నాను. అంతకంటే చెప్పలేకపోయాను. తియెరీ నీకు రాస్తాడు. నేను ఆన్సెల్మ్ అన్నయ్య పేరు చూసి ఏడ్చేవాణ్ణని కూడా రాస్తాడేమో. నా మాట నమ్ము. ఎందుకని అడక్కు.

మీ పిన్ని లీకు ఉల్లికాడల టార్ట్ చేసింది. మాడింది. తప్పు పొయ్యిదట.

మీ బాబాయ్,
రెమి


గ్రెనోబ్ల్,
28 మే 2012

బాబాయ్,

తియెరీ గారి ఉత్తరం నీదానికంటే ముందే వచ్చింది. మర్యాదగానే రాశారు. "మీ బాబాయికి ఏమైందో మాకు అంతుపట్టడం లేదు" అన్నారు. నాకూ అంతుపట్టలేదు.

ఆ మైదానంలో నాన్నకి తెలియని దారి లేదు. ఏ ఆదివారం ఏ ఊరి మీదుగా పోవాలో నలభై ఏళ్ళు ఆయనే చెప్పాడు. ఆయన పేరున ఒక దారి ఉంటే నీకేం పోయింది? మొదట నీమీద చాలా కోపం వచ్చింది. తర్వాత భయం వేసింది. నువ్వు ఆ దారిని జనం కళ్ళ ముందు పెట్టడం ఇష్టం లేక వద్దన్నావేమో అని.

నువ్వు అడక్కు అన్నావు కానీ అడక్క తప్పదు. చిన్నప్పటి నుంచీ నాన్న నాకు నేర్పింది ఒక్కటే. కొండల్లో ఎక్కేది ముందు, దిగేది తర్వాత. మన దగ్గర కొండల్లేవు, గాలే కొండ. పోయేటప్పుడు ఎదురుగాలికి పోవాలి, ఒంట్లో సత్తువ ఉండగానే. వచ్చేటప్పుడు అదే గాలి ఇంటికి తోసుకొస్తుంది. దీన్ని తప్పిన మనిషిని సంఘంలో చేర్చుకోనే వద్దనేవాడు. వేళ్ళు కొంకర్లు పోయి నేను ఏడుస్తున్నా సరే, ముందు ఎదురుగాలికే తీసుకెళ్ళేవాడు. పదమూడేళ్ళకి నేను సైకిల్ మానేసింది అందుకే.

పోలీసులు చూపించిన చోటు మన ఊరికి ఈశాన్యాన, ఎతాంప్ దారిలో ఉంది. సైకిల్ ముందు చక్రం ఎతాంప్ వైపే ఉందన్నారు. ఆ రోజు గాలి ఎటు వీచిందో వాతావరణం వాళ్ళని అడిగి తెలుసుకున్నాను. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నైరుతి గాలే, గట్టిగా. అంటే నాన్న గాలిని వీపున పెట్టుకుని అంతంత దూరం వెళ్ళిపోయాడు. గుండె జాగ్రత్త అని డాక్టరు చెప్పిన మనిషి. ఆ గాలికి ఎదురు తొక్కి ఇంటికి ఎలా వద్దామనుకున్నాడు?

ఇంకొకటి. నాకిచ్చిన సంచిలో సంఘం చొక్కా లేదు. మామూలు చొక్కా, మామూలు కోటు. సంఘం చొక్కా లేకుండా నాన్న రోడ్డెక్కడం నేనెప్పుడూ చూడలేదు. అది ఇంట్లో, ఇస్త్రీ చేసి, కుర్చీకి తగిలించి ఉంది.

ఆ పైన అడగడానికి నోరు రావడం లేదు బాబాయ్. నీకు తెలిస్తే నువ్వే చెప్పు. ఏదైనా సరే, నిజం చెప్పు.

సోలెన్


ఆర్తెనే,
5 జూన్ 2012

అమ్మా సోలెన్,

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని మూడు రోజులు తిరిగాను. కాలువ గట్టు మీద చదివాను, కొట్టంలో చదివాను. మీ పిన్ని "ఏమిటది, ప్రేమలేఖా?" అంది.

నువ్వు కనిపెడతావని నాకు తెలిసి ఉండాల్సింది. సంఘంలో ఇంతమంది ఉన్నారు, ఆ రోజు గాలి ఎటు వీచిందని అడిగినవాడు ఒక్కడు లేడు. కూతురివి నువ్వు అడిగావు.

అవునమ్మా. నువ్వు అనుకున్నదే నిజం. వెనక్కి తొక్కాలన్న ఉద్దేశం అతనికి లేదు. డాక్టరు మాట విన్న దగ్గర్నుంచీ ఆ ఆలోచన మనసులో ఉంది. నాతో చెప్పాడు, నాతో మాత్రమే. నేను వద్దనలేదు. ఎలా అనగలను? ఎదురుగాలికి తొక్కి వచ్చి, పెదాలు నీలమై, మా వాకిట్లో కూలబడ్డ రోజు నేను చూశాను. "ఇంక నావల్ల కాదు తమ్ముడూ" అన్నాడు. మీ నాన్న నోట ఆ మాట నేను అంతకుముందు వినలేదు.

చొక్కా సంగతి కూడా సరిగ్గానే పట్టుకున్నావు. సంఘం పేరు వీపున పెట్టుకుని అలాంటి పని చేయడానికి మనసొప్పలేదు.

ఎవరికీ చెప్పనని నా చేత ఒట్టేయించుకున్నాడు. మీ పిన్ని జోసియాన్‌కి కూడా తెలియదు. అందుకే ఆ రోజు గదిలో అలా మొండికేశాను. ఇది తియెరీ చెవిన పడితే సాయంత్రానికి బేకరీ దాకా పాకుతుంది. మీ నాన్న పేరు ఇంతకాలం ఎలా నిలబెట్టుకున్నాడో నీకు తెలుసు. దయచేసి మనిద్దరి మధ్యే ఉండనీ.

నీకు చెప్పేశాక నా గుండె బరువు కాస్త దిగింది. నువ్వు అర్థం చేసుకుంటావు, నువ్వు అతని కూతురివి.

రెమి


గ్రెనోబ్ల్,
14 జూన్ 2012

నీకు ముందే తెలుసు. తెలిసీ ఆపలేదు. నాకు ఒక్క ముక్క చెప్పలేదు.

ఒక్క ఫోన్ చేసి ఉంటే ఉన్నపళంగా బండెక్కి వచ్చేదాన్ని. ఆయన్ని ఇక్కడికి తెచ్చుకునేదాన్ని. నువ్వు ఒట్టు నిలబెట్టుకున్నావు. ఆయన పోయిన ఆ గురువారం సైకిల్ తీస్తుంటే చూస్తూ నిలబడ్డావా? చెయ్యి ఊపావా?

పైగా "గుండె బరువు దిగింది" అని రాశావు. ఆ బరువు ఎక్కడికి వచ్చిందో తెలుసా నీకు? ఇక నాకు ఉత్తరాలు రాయకు.

సోలెన్


ఆర్తెనే,
23 జూన్ 2012

సోలెన్,

రాయొద్దన్నావు. ఒక్కటి రాసి ఊరుకుంటాను.

నీ కోపం నాకు అర్థం కాలేదు, నిజం చెబుతున్నాను. గుండె బాగోలేని మనిషిని సైకిల్ ఎక్కనిచ్చానని అయితే, తిట్టు, పడతాను. కానీ ఇంట్లో కట్టేస్తే బతికేవాడా ఆయన? కిటికీ దగ్గర కూర్చుని జెండా ఎటు ఎగురుతోందో చూస్తూ చచ్చేవాడు. అతను నీకు నాన్న అయితే నాకు అన్న. నీకంటే ముందు నేను ఎరుగుదును.

ఈ విషయంలో మాత్రం అంత కఠినంగా ఉండకమ్మా. మనిషి అలిసిపోయాడు. అలిసిపోయినవాడు కాస్త తేలిక దారి చూసుకుంటే అది నేరమా? నేనైతే అతను ఆ మాత్రం ధైర్యం చేసినందుకు లోపల సంతోషించాను కూడా. నీకు సిగ్గుగా ఉంటే ఉండనీ, నాకు లేదు.

పిన్ని స్ట్రాబెర్రీ జామ్ పంపిస్తోంది. నాకోసం కాకపోయినా ఆమె కోసం తిను.

రెమి


ఆర్తెనే,
19 జూలై 2012

అమ్మా సోలెన్,

కోతలు మొదలయ్యాయి. దుమ్ముకి చర్చి శిఖరం కూడా కనపడడం లేదు. సెప్టెంబరు ఊరేగింపు సంగతి తియెరీ మళ్ళీ అడుగుతున్నాడు. నేను మళ్ళీ తల అడ్డంగా ఊపాను. ఇప్పుడు కాఫీ కొట్టులో నా పక్కన ఎవరూ కూర్చోవడం లేదు.

జామ్ అందిందా? ఒక్క మాట రాయి. తిట్టయినా సరే.

బాబాయ్


గ్రెనోబ్ల్,
12 ఆగస్టు 2012

బాబాయ్,

జామ్ అందింది. సీసా మూత తియ్యలేదు. నువ్వు జూన్‌లో రాసిన ఉత్తరం మాత్రం బట్టీ వచ్చేసింది. "ధైర్యం చేసినందుకు సంతోషించాను" అన్నావు. అది రాయడానికి నీకు చెయ్యి ఎలా వచ్చిందో ఎంత ఆలోచించినా తెలియలేదు.

ఇప్పుడు కోపంతో రాయడం లేదు. ఓపిక లేదు. తిండి సయించడం లేదు, పిల్లలు మాట్లాడుతుంటే ఎటో చూస్తున్నాను. మా ఆయన డాక్టరు దగ్గరికి పదమంటున్నాడు.

నాన్న చచ్చిపోవడానికే ఆ దారిన వెళ్ళాడని నువ్వు రాశావు. సరే. నాకు ఒక్కటి చెప్పు, ఇంకేమీ అడగను. నా గురించి ఏమైనా అన్నాడా? ఆ వారం మొదట్లో ఫోన్ చేశాడు. పిల్లలకి స్నానాలు చేయిస్తున్నాను. "తర్వాత మాట్లాడతా నాన్నా" అని పెట్టేశాను. మళ్ళీ చెయ్యలేదు. ఆయన నాతో ఏదో చెప్పాలనుకున్నాడు. నేను వినలేదు. నేను విని ఉంటే వెళ్ళేవాడు కాదా?

అబద్ధమైనా పర్వాలేదు, ఏదో ఒకటి రాయి.

సోలెన్


ఆర్తెనే,
15 ఆగస్టు 2012, పండగ పూట

తల్లీ, తల్లీ, సోలెన్,

రైలు! మీ నాన్న రైల్లో వద్దామనుకున్నాడమ్మా! చావడానికి కాదు!

నీ ఉత్తరం నిన్న భోజనాల వేళ వచ్చింది. మీ పిన్ని నా చేతిలోంచి లాక్కుని చదివింది. నువ్వు రాసినవన్నీ తెమ్మంది, నేను నీకేమేం రాశానో గుర్తు చేసుకుని చెప్పమంది. ఒట్టు పక్కన పెట్టి, రైలు సంగతితో సహా అన్నీ చెప్పాను.

"ఏం రాశావయ్యా ఆ పిల్లకి! రైలు అన్న మాట ఎక్కడైనా రాశావా?" అంది.

"ఆమె కనిపెట్టేసిందిగా, మళ్ళీ రాయడం దేనికని..."

"ఏం కనిపెట్టింది? నీ బొంద కనిపెట్టింది!" అంది. ఫోన్ తీసుకుంది. నువ్వు ఎత్తలేదు. ఎత్తేదాకా చేస్తానని అక్కడే కూర్చుంది. ఈ ఉత్తరం అందేలోపే ఆమె నీకు సంగతి చెప్పేసి ఉంటుంది. అయినా మొత్తం నేను రాయాలి. నేను చేసిన గందరగోళానికి ఈ చెయ్యే నొప్పెట్టాలి.

గాలి ఎటు వీచిందని నువ్వు అడగ్గానే, "రైలు సంగతి తెలిసిపోయింది, పాపం నాన్నని ఎలా అడగాలో తెలియక నోరు రావడం లేదంటోంది" అనుకున్నాను. నాకు ఇంకో ఆలోచనే రాలేదు. ఆన్సెల్మ్ చావాలనుకోవడం అన్న మాట నా బుర్రకి ఎక్కనే ఎక్కదు. నీ కోపం చూసి, తండ్రి రైలెక్కినందుకు ఇంత రోషమా, ముమ్మూర్తులా అన్నయ్యే అనుకున్నాను.

మా వాళ్ళలో ఇదెంత పెద్ద పరువు తక్కువో నువ్వు ఎరుగుదువు. మైదానంలో సైకిల్ తొక్కేవాడికి ఎక్కే కొండల్లేవు, గొప్ప చెప్పుకోవడానికి ఉన్నది ఒక్క గాలి. దానికి ఓడిపోయి రైలెక్కినవాడిని మీ నాన్న "పార్సిల్" అనేవాడు. తియెరీ కుర్రతనంలో ఒకసారి గాలివానకి జడిసి తూరీ స్టేషన్లో రైలెక్కాడు. మీ నాన్న ప్లాట్‌ఫాం మీద కాచుకుని ఉండి, అతని నుదుటి మీద నిజంగానే తపాలా బిళ్ళ అంటించాడు. తియెరీ దాన్ని ఇప్పటికీ మర్చిపోలేదు. ఇప్పుడు చెప్పు, తియెరీకి నేను ఎలా చెప్పను?

ఆ రోజు నా వాకిట్లో కూలబడ్డాడని రాశాను కదా. గ్లాసెడు పళ్ళసారా తాగించాక కాస్త రంగు వచ్చింది. నేల చూస్తూ అన్నాడు.

"తమ్ముడూ, పోయేటప్పుడే గాలి వెనక ఉంటే ఎలా ఉంటుందో?"

"బాగానే ఉంటుంది. మరి వచ్చేటప్పుడో?"

గొంతు తగ్గించి, మా వాకిట్లో కోళ్ళు తప్ప ఎవరూ లేకపోయినా, "రైలుంది కదరా" అన్నాడు.

ఇద్దరం దొంగల్లా మొహాలు చూసుకున్నాం. ఆ వారమే మొదలుపెట్టాడు. సంఘం ఆదివారాలు తొక్కుతుంది కాబట్టి అతను గురువారం ఎంచుకున్నాడు. నైరుతి గాలి ఉన్న రోజున ఎతాంప్ దాకా పోయి, అక్కడ సైకిల్ రైల్లో ఎక్కించుకుని వచ్చేవాడు. సంఘం చొక్కా వేసుకుంటే రైల్లో ఎవరైనా గుర్తుపడతారని మామూలు బట్టలు వేసుకునేవాడు. మన స్టేషన్లో పెట్టె మెట్లు ఎత్తు, కాళ్ళు బిగుసుకుపోయి ఉంటాయి, సైకిల్ దించడానికి ఒకరు కావాలి. అందుకే నేను వెళ్ళేవాణ్ణి. సైకిల్ నేను అందుకుంటే తను కమ్మీ పట్టుకుని దిగేవాడు. దిగగానే మొదట అటూ ఇటూ చూసేవాడు, తియెరీ గాని ఉన్నాడేమోనని.

ఆ చలికాలంలో అతను ఎంత సంతోషంగా ఉన్నాడో నీకు చెప్పకుండా దాచిపెట్టాను చూడు, అదీ నా బాధ. "ఇన్నేళ్ళూ తల వంచుకుని ముందు చక్రాన్నే చూస్తూ తొక్కానురా. ఇప్పుడు తలెత్తుకుని పోతున్నా. పొలాల్లో కుందేళ్ళు ఇన్ని ఉన్నాయని నాకు తెలియదు" అనేవాడు. రైల్లో కిటికీ దగ్గర కూర్చుని, తను పొద్దున తొక్కిన రోడ్డు ఎక్కడెక్కడ కనిపిస్తుందో వెతుక్కునేవాడట. పిల్లాడిలా చెప్పేవాడు.

నీ గురించి ఏమన్నాడని అడిగావు. అబద్ధం అక్కర్లేదు. వేసవిలో నువ్వొస్తే నిన్ను ఆ దారిన తీసుకెళ్తానన్నాడు. "దానికి ఎదురుగాలి చూపించి చూపించి సైకిల్ అంటేనే అసహ్యం పుట్టించాను. ఈసారి మొదటి నుంచి చివరిదాకా వెనకగాలే. పార్సిల్ అని నన్ను వెక్కిరించే హక్కు దానికొక్కదానికే ఇస్తా" అన్నాడు. ఫోన్ చేసింది ఆ మాట చెప్పడానికేనని నా నమ్మకం. నువ్వు పెట్టేశావని నాతో చెప్పాడు. "మనవలు నీళ్ళలో గోల చేస్తున్నారు, నాకు అంతా వినపడింది" అని నవ్వాడు. అంతే తల్లీ. మనసులో ఏమీ పెట్టుకోలేదు.

ఇక ఆ గురువారం. చెయ్యి ఊపావా అని అడిగావు. ఊపాను. "నాలుగు గంటల బండికి ఉండు" అని వెళ్ళాడు. నేను ప్లాట్‌ఫాం మీద నిలబడ్డాను. బండి వచ్చింది. ఒకావిడ చంటిపిల్లాడి తోపుడు బండి దింపుకుంది, సాయం చేశాను. ఇంకెవరూ దిగలేదు. తలుపులు మూసుకున్నాయి. బండి తప్పిపోయి ఉంటుందని తర్వాతి దానికి కూడా నిలబడ్డాను. అది కూడా వెళ్ళిపోయాక ఇంటికొచ్చాను. వాకిట్లో పోలీసులు ఉన్నారు. గుండె ఆగిందని, నేల మీద పడకముందే పోయి ఉంటాడని చెప్పారు. ఆ తర్వాత నేను స్టేషన్ వైపు వెళ్ళలేదు. రొట్టెకి వెళ్ళాలన్నా చుట్టూ తిరిగి పోతున్నాను.

చచ్చిపోదామనుకున్న మనిషి తమ్ముణ్ణి స్టేషన్‌కి రమ్మని చెప్పి వెళ్ళడమ్మా.

సెప్టెంబరులో వాళ్ళు అక్కడికి వెళ్ళి, అదే గాలికి ఎదురు తిరిగి తొక్కుతూ వస్తే, "మన ఆన్సెల్మ్ బతికుంటే ఇలాగే వచ్చేవాడు, సింహం!" అని తియెరీ ఉపన్యాసం ఇస్తాడు. నేను పక్కన నిలబడి తల ఊపాలి. అది నావల్ల కాలేదు. అతను ఇంటికి రావాలనుకున్న దారి వేరు.

నన్ను క్షమిస్తావో లేదో నీ ఇష్టం. ముందు అన్నం తిను.

మీ బాబాయ్,
రెమి

మీ పిన్ని ఇంకా ఫోన్ పట్టుకునే ఉంది.


గ్రెనోబ్ల్,
2 సెప్టెంబరు 2012

బాబాయ్,

పిన్ని ఫోన్‌లో "రైలు" అనగానే నాకు అర్థం కాలేదు. మళ్ళీ అడిగాను. ఆమె అరుస్తూ చెప్పింది. ఆ తర్వాత ఇద్దరం ఏం మాట్లాడుకున్నామో గుర్తులేదు, ఇద్దరం ఏడ్చామని మా ఆయన చెప్పాడు. నీ ఉత్తరం వచ్చాక కుందేళ్ళ దగ్గర నవ్వాను. నాన్న పోయాక నేను నవ్వింది అప్పుడే.

నీతో అన్న మాటలు వెనక్కి తీసుకోలేను. కాగితం మీద ఉన్నాయి. అవి చింపెయ్యి. నువ్వు చెయ్యి ఊపినందుకు నాకు ఇప్పుడు సంతోషంగా ఉంది. ఎవరో ఒకరు చెయ్యి ఊపారు.

తియెరీ గారికి నేనే రాశాను. బాణాలు గీయొద్దని, పూలు వద్దని. నాన్న రహస్యం మాత్రం రాయలేదు. నీ పక్కన కూర్చుని కాఫీ తాగమని రాశాను. తాగుతారో లేదో చూడు.

ఇరవయ్యో తేదీ గురువారం. ముందు రోజు మీ ఇంటికి వస్తాను. నాన్న సైకిల్ సీటు దించి పెట్టు, నా కాళ్ళు పొట్టి. గాలి నైరుతి నుంచి ఉంటే బయల్దేరతాను, లేకపోతే ఉండేదాకా మీ ఇంట్లోనే ఉంటాను, పిన్నితో చెప్పు. ఒక్కదాన్నే వెళ్తాను. ఆయన పడిపోయిన చోట ఆగుతాను. ఎంతసేపు ఆగుతానో తెలియదు. తర్వాత మిగిలిన దారి కూడా తొక్కి ఎతాంప్‌లో రైలెక్కుతాను.

స్టేషన్‌కి రావడం నీకు కష్టమని తెలుసు. అయినా అడుగుతున్నాను. నాలుగు గంటల బండికి వచ్చి ప్లాట్‌ఫాం మీద నిలబడు బాబాయ్. సైకిల్ నువ్వు అందుకో, నేను దిగుతాను.

నీ
సోలెన్